ముందు వరుసలో కూర్చున్న పాపం

మా పెద్దమ్మ పోయింది. చంద్రపూర్ ఆసుపత్రిలో పొద్దున్నే టీ తాగి, "చక్కెర పొయ్యలేదా దీంట్ల?" అని నన్ను కసిరి, గ్లాసు నా చేతికిచ్చి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నర్సు వచ్చి చెయ్యి పట్టి చూసి, "మావశీ గేల్యా" అంది. పిన్నిగారు వెళ్లిపోయారని మరాఠీలో ఆ రెండు ముక్కలు చెప్పి, పక్క మంచం దగ్గరికి నడిచింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పెద్దమ్మ ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట ఒకటి ఆమె చెవిన పడకుండానే పోయింది. ఆ మాట చెప్పాల్సిన మనిషి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు బతికే ఉన్నాడు.

ఈ నాలుగు మాటలు రాయమని మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు, అడిగారు. ఆయన కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు. "ఆమె విశ్వాసం గురించి, సేవ గురించి మంచి మాటలు రాయమ్మా" అన్నారు. మంచి మాటలే రాస్తాను. కాకపోతే మా పెద్దమ్మ మంచితనంలో ఒక పగ ఉంది. దాన్ని తీసేసి రాస్తే అది మా పెద్దమ్మ కాదు, ఎవరో పక్కింటావిడ అవుతుంది.

మా అమ్మ నన్ను కని ఎక్కువ కాలం బతకలేదు. పెద్దమ్మకు పిల్లలు లేరు. అట్లా నేను ఆమె ఒడిలో పడ్డాను. పెద్దనాన్న ఘుగ్గుస్ దగ్గర బొగ్గు బావిలో పని చేసేవాడు. గనిని మావాళ్లు బావి అనే అంటారు. ఆయన ఒకప్పుడు తాగేవాడు, దాచను. బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి ముట్టుకోలేదు. సాయంత్రం పని దిగి వచ్చి, ఒళ్లు రుద్దుకుని, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని కాలనీ చుట్టూ తిప్పేవాడు. నాకు ఆయన గురించి గుర్తున్నది అంతే.

నేను చిన్న తరగతుల్లో ఉండగా ఒకరోజు బావిలో పైకప్పు కూలి ఆయన పోయాడు. ఆ షిఫ్టు నడిపించిన సర్దార్ మా సంఘంవాడే, పెద్దమ్మను అక్కా అని, పెద్దనాన్నను బావా అని పిలిచేవాడు. విచారణకు వచ్చిన సాయెబుల, అంటే పై అధికారుల ముందు ఆ సర్దార్ నిలబడి, "తాగి దిగిండు సార్. వద్దన్నా ఇనకుండ పైకప్పుకు ఊతం లేని కాడికి పోయిండు" అని చెప్పాడు. పక్కనే పని చేసిన మనిషి ఒకడు మాత్రం చీకటి పడ్డాక మా ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడి అసలు సంగతి చెప్పాడట. "వదినా, అన్న తాగలే. పైన మంచిగ లేదు, నేను పోను అన్నడు. సర్దారే గదమాయించి పంపిండు." పెద్దమ్మ అడిగింది, "గదే మాట సాయెబుల ముందట చెప్తవా?" అని. "నాకు పిల్లలున్నరు వదినా" అని తల దించుకుని, మళ్లీ మా గడప తొక్కలేదు.

అప్పటి పాస్టరు మహా కట్టుదిట్టం మనిషి. తాగి చనిపోయినవాడి శవపెట్టె గుడిలోకి, అంటే మా చర్చిలోకి, రాకూడదన్నాడు. మావాళ్లలో ఎవరు పోయినా పెట్టెను గుడిలోకి తెచ్చి, బల్ల ముందు దించి, పాటలు పాడి, అప్పుడు సమాధుల తోటకు తీసుకెళ్తారు. మా పెద్దనాన్నను గేటు బయటే దించారు. గబగబా ఒక ప్రార్థన చేసి, పాట కూడా లేకుండా తీసుకెళ్లారు. పెట్టె మోసినవాళ్లలో సర్దార్ ఒకడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత పెద్దమ్మకు బావి ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చారు. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పే పని ఆమె తనంతట తానే తీసుకుంది. మా కాలనీ పిల్లలందరిదీ మరాఠీ బడే. మాకు తెలుగు అక్షరం నేర్పింది బడి కాదు, పెద్దమ్మ. గుడి వెనక రేకుల షెడ్డులో, చాప మీద కూర్చోబెట్టి, వేలు పట్టి చదివించేది. ఈ రోజు నేను ఈ ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే. తప్పు చదివితే తొడపాశం పెట్టేది. అది కూడా ఆమె పెట్టిందే!

పాపం అంటే ఏమిటో ఆమె దగ్గర నేర్చుకున్నంత నేను ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. తోటలో పండు తిన్న మొదటి మనిషి కథ చెప్పి, "దీంట్ల పాపం యాడుంది?" అని అడిగేది. పండు తినడం అని మేమంతా అరిచేవాళ్లం. "గది చిన్న పాపం. దేవుడు వచ్చి అడిగితే మొగోడు ఆడదాన్ని సూపెట్టిండు. ఆడది పామును సూపెట్టింది. అడిగినప్పుడు 'నేనే తిన్న' అంటే కథ ఆడనే అయిపోతుండె. పండు తిన్నందుకు కాదు, ఏలు సూపెట్టినందుకు తోట పోయింది" అనేది. అయ్యగార్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒకసారి ఆ కథ చెప్పి, పిల్లలు వెళ్లాక చాప దులుపుతూ తనలో తాను అన్న మాట నేను విన్నాను. "వానికి సూపెట్టనీకి పాము గూడ దొరకలే. సచ్చినోన్ని సూపెట్టిండు."

మనిషి పుట్టుకతోనే పాపి అని ప్రసంగంలో చెప్తే ఆమె కాదనేది కాదు. ఇంటికొచ్చాక బియ్యం ఏరుతూ, "పుట్టిన పాపం ప్రభువు సూసుకుంటడు బిడ్డా. చేసిన పాపం మనం సూసుకోవాలె" అనేది. ఆమెకు ఒళ్లుమండే మాట ఒకటుంది, 'అందరం పాపులమే' అన్నది. సర్దార్ ఉద్యోగంలో పైకెదిగి, సంఘ పెద్ద అయి, ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. సాక్ష్యం చెప్పే సమయం వస్తే చాలు, లేచి, "నేను పాపుల్లో పెద్ద పాపిని" అని కళ్లు తుడుచుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత తగ్గింపు, ఎంత వినయం అని కరిగిపోయేవాళ్లు. పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగి, "పెద్ద పాపినంటే ఎవనికి నొస్తది? ఒక్క పాపం చెప్పుమను, గప్పుడు నొస్తది" అనేది.

ఇక రొట్టె సంగతి. నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె విరిచి అందరికీ ఇస్తారు, ద్రాక్షరసం చిన్న గ్లాసుల్లో పంచుతారు. ఎవరితోనైనా తగాదా ఉంటే ముందు సమాధానపడి, ఆ తర్వాతే బల్లలో చేయి వేయాలని మా సంఘంలో కట్టడి. ఆ రొట్టె చేసేది పెద్దమ్మే. శనివారం సాయంత్రం పొయ్యి అలికి, తల మీద కొంగు వేసుకుని, పులియని పిండి పిసికి, పెనం మీద కాల్చేది. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. మర్నాడు తెల్ల బట్టలో చుట్టి బల్ల మీద పెట్టి వచ్చి, చివర్న నా పక్కన కూర్చునేది. పళ్లెం తన దగ్గరికి వస్తే ముట్టుకోకుండా పక్కవాళ్లకు జరిపేది. పెద్దనాన్న పోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆ రొట్టె తినలేదు.

పెద్దయ్యాక ఒక శనివారం పెనం దగ్గరే అడిగాను. "అందరికి పెడ్తవ్, నువ్వెందుకు తినవు పెద్దమ్మా?"

"పగ పెట్టుకున్న చేత్తోని ముట్టొద్దు."

"మరి అదే చేత్తోని చేస్తున్నవ్ గదా?"

రొట్టె తిరగేసింది. "చేసుడు ఊడిగం. తినుడు సాక్ష్యం. అందరితోని మంచిగున్న అని సాక్ష్యం చెప్పినట్టు. నేను అబద్ధం సాక్ష్యం చెప్ప. గది చెప్పెటోల్లు వేరే ఉన్నరు."

"ఆయన తింటున్నడు గదా!"

"తినని. వానిది అబద్ధం, నాది పగ. రెండు గూడ పాపమే. నాది నేనెరుగుదును. వానిది వాడు అననే అనడు. గంతే ఫరక్."

ఊళ్లో అందరూ పెద్దమ్మలోనే ఏదో రహస్య పాపం ఉందనుకునేవాళ్లు. నలుగురి నోళ్లు నాలుగు రకాలు. ఒకసారి ప్రార్థనకు వచ్చిన ఒక అమ్మగారు పెద్దమ్మ తల మీద చేయి పెట్టి, "ఈ సోదరిలో దాగి ఉన్న పాపాన్ని బయటపెట్టు ప్రభువా" అని గుడి దద్దరిల్లేలా ప్రార్థించింది. పెద్దమ్మ కళ్లు తెరిచి, "దాగలేదమ్మా. ముందు వరుసల కూసున్నది" అంది. ఆ అమ్మగారు మళ్లీ మా కాలనీకి రాలేదు. ఆ మాట సర్దార్ చెవిన పడింది, ఆయన మెడ వంగడం నేను చూశాను. మరుసటి ఆదివారానికి మళ్లీ లేచింది.

క్షమించమని పెద్దమ్మకు చెప్పనివాళ్లు లేరు. ఇప్పటి అయ్యగారు కూడా ఇంటికొచ్చి చెప్పారు. "క్షమిస్త అయ్యగారు, ఇప్పుడంటే ఇప్పుడు. దేన్ని క్షమించాల్నో చెప్పుమనుండ్రి. తలుపు కొట్టనోనికి తలుపెట్ల తీస్తరు?" అంది. ఆయన టీ తాగి, తల ఊపి వెళ్లిపోయారు.

కొన్నేళ్ల కింద సర్దార్‌కు గుండె ఆపరేషన్ అయింది. నాగపూర్ తీసుకెళ్లారు. సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. అందరూ సాయంత్రానికి ఇంటికెళ్లి అన్నం తిన్నారు. పెద్దమ్మ మాత్రం ఆయన కళ్లు తెరిచాడని ఫోన్ వచ్చేదాకా మంచినీళ్లతోనే ఉంది. ఊరంతా ఆశ్చర్యపోయింది. చూశారా, ఎంత ప్రేమ, ఎట్లా మారిపోయిందో అన్నారు. సర్దార్ ఇంటి నుంచి బత్తాయిల బుట్ట కూడా వచ్చింది. ఆమె ఏమని ప్రార్థించిందో నాకొక్కదానికే తెలుసు, పక్కనే మోకరించి ఉన్నాను కాబట్టి. "ప్రభువా, వాన్ని తీసుకపోకు. నూరేండ్లు ఇయ్యి. ఆ మాట చెప్పేదాంక వాన్ని సావనియ్యకు." అందరూ ఆయన బతకాలని అడిగారు. మా పెద్దమ్మ ఆయన తప్పించుకోకూడదని అడిగింది. బత్తాయిలు పంచిపెట్టింది, ఒక్కటీ తినలేదు.

చివరికి ఆమే ముందు మంచాన పడింది. ఆసుపత్రికి సర్దార్ వచ్చాడు. వెంట భార్య, కోడలు, చేతిలో ఆపిల్ పండ్ల సంచి. మంచం పక్కన స్టూల్ మీద కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, మనుషులం. నా వల్ల ఏదన్న తప్పు జరిగి ఉంటే మనసుల పెట్టుకోకు."

పెద్దమ్మ కళ్లు తెరిచింది. "ఏదన్న అంటే ఏంది తమ్మీ?"

"ఏదైనా అక్కా. తెలిసో, తెల్వకనో."

"తెల్వంది ప్రభువుకు ఇడిసిపెట్టు. తెలిసింది చెప్పు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ ఆపిల్ పండ్ల వైపు చూసింది. పాపం ఆమెకు ఏమీ తెలియదు. "అందరం పాపులమే గదక్కా" అన్నాడు.

"అందరి సంగతి నేనడగలే. నీ సంగతి అడిగిన."

ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని ఆయన నోటినే చూస్తున్నాను. అంతలో కోడలు కల్పించుకుని, "మామయ్యకు బీపీ ఉంది, ఎక్కువ మాట్లాడించకండి" అంది. పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "మంచిగ సూసుకో బిడ్డా మామను. ఇంక చాన్నాళ్లు బతకాలె" అంది. కోడలు పొంగిపోయింది. సర్దార్ కూడా తేలిగ్గా ఊపిరి తీసుకుని లేచాడు. అది చూసి నేను పళ్లు కొరుక్కున్నాను. వాళ్లు మెట్లు దిగాక పెద్దమ్మ నాతో, "నన్ను గూడ గుడిలకు తీసుకపోకుండ్రి. మీ పెద్దనాన్న పోయిన తొవ్వలనే తీసుకపోండ్రి" అంది.

అట్లాగే ఆమె పెట్టెను గేటు బయట దించాం. అయ్యగారు బతిమాలారు, నేను వినలేదు. ఎండ మాడుతోంది, లోపలి కుర్చీలు బయటికి తెచ్చి వేశారు. ఎవరు అడిగారో తెలియదు, సర్దార్ లేచి ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, అక్క నాకోసం ఉపవాసం ఉన్నది. అన్ని మరిచిపోయి, నాతోని సమాధానపడి నీ కాడికి వచ్చింది" అన్నాడు. జనం తలలూపారు. నేను పెట్టె మీద చేయి వేసి నిలబడ్డాను. అప్పుడు పెద్దనాన్న మంచి పేరు దోచుకున్నాడు. ఇప్పుడు పెద్దమ్మ పగను కూడా దొంగిలించాడు. ఇన్నేళ్లు రొట్టె ముట్టకుండా దాచుకున్న ఆమె నిజాన్ని, దేవుడి ముందే, ఒక్క ప్రార్థనతో మింగేశాడు.

మర్నాడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కోడలు మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. నేను కూర్చోకుండానే అడిగాను. "మామా, పెద్దమ్మ నీతోని ఎప్పుడు సమాధానపడ్డది?"

"మనసులల్ల అయింది బిడ్డా. నాకోసం ఉపవాసం ఉండలేదా?"

"ఉన్నది. ఏమని మొక్కిందో తెలుసా?" చెప్పాను. ఆమె అన్న మాట అన్నట్టే, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను. చెప్తుంటే నాకు ఎంత తృప్తిగా ఉందో! ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇన్నేళ్లూ దేవుడు తనను మెచ్చి బతికించాడని అందరికీ సాక్ష్యం చెప్పుకున్నాడు మరి.

కోడలు వినలేదు కదా అన్నట్టు లోపలి తలుపు వైపు చూశాడు. "అక్క పోయింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం బిడ్డా? ఇంట్ల మనుమలున్నరు."

"పెద్దమ్మ పోయింది. పెద్దనాన్న ఇంక తాగుబోతుగనే ఉన్నడు మామా. ఆయనకు నేనున్న." అంత మాత్రం చెప్పి వచ్చేశాను. వెనక నుంచి బిడ్డా, బిడ్డా అని పిలిచాడు. పిలవనీ అనుకున్నాను.

ఆదివారం గుడి నిండింది. సాక్ష్యాల సమయంలో ఆయన తన కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. "ప్రభువుకు స్తోత్రం. నేను పాపిని" అన్నాడు. వెంటనే నేనూ లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడలేదు, ఊరికే నిలబడ్డాను. ఒక్కొక్క తలా నా వైపు తిరిగింది, చివరికి ఆయనా తిరిగాడు.

"నేను అబద్ధం చెప్పిన" అన్నాడు. "బావ తాగలే. ఆ దినం బావ తాగలే. పైన మంచిగ లేదు, పోను అన్నడు. నేనే తిట్టి పంపిన. ఊతం లేదని నాకెరుకనే. నా నౌకరి పోతదని సాయెబులకు తాగిండని చెప్పిన. అక్క నన్ను మాఫ్ చెయ్యలే. నేనెన్నడు అడగనే లేదు."

ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు తల వంచుకున్నారు. మా సంఘంలో ఒక అలవాటుంది. సాక్ష్యం చెప్పినవాళ్లకు ఎవరో ఒకరు 'ఆమెన్' అనాలి, అప్పుడే వాళ్లు కూర్చుంటారు. ఆయన దానికోసం చూస్తున్నాడు. మగవాళ్ల వైపు చూశాడు, ఆడవాళ్ల వైపు చూశాడు. ఎవరికీ నోరు రాలేదు. అందరూ నా ముఖమే చూస్తున్నారు, అది నేనే అనాలన్నట్టు. పెద్దమ్మ ఉండి ఉంటే ఆ క్షణంలోనే అనేది, ఆమె మాట తప్పే మనిషి కాదు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది, నిజం చెప్తున్నాను. ఇవ్వబుద్ధి కాలేదు. ఇది పాపమే, నాకు తెలుసు, నాదే.

నేను కూర్చున్నాను. ఆయన రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుని, నా వైపే చూస్తూ, నిలబడే ఉన్నాడు.